ఇంగ్లీష్ చెప్పడానికి విదేశం వెళ్తున్నారా, మొదటి క్లాస్ రోజు నుంచి వెనక్కి లెక్కేసుకోండి

వేరే దేశం వెళ్ళి ఇంగ్లీష్ టీచర్ గా చేయాలనుకునేవాళ్ళు నన్ను ముందు అడిగేది ఏ దేశం మంచిది, జీతం ఎక్కడ ఎక్కువ అని. నేను మాత్రం మూడు విషయాలు అడుగుతాను, మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిది, డిగ్రీ ఎందులో చేశారు, ఎదురుగా కూర్చున్న మనిషికి ఇప్పటిదాకా ఒక్క గంటైనా పాఠం చెప్పారా. మొదటి రెండిటికి జవాబు వచ్చేసరికి చాలా దేశాలు లిస్టులోంచి వాటంతటవే పోతాయి, మూడోదానికి జవాబు "లేదు" అయితే టికెట్ గురించి ఆలోచించే టైమ్ ఇంకా రాలేదన్నమాట.

నేను రెండు దేశాల్లో చెప్పాను. మొదటిసారి వెళ్ళేముందు నా ప్రిపరేషన్ అంతా సూట్‌కేసు చుట్టూనే తిరిగింది, ఏ బట్టలు పెట్టాలి, ఏ అడాప్టర్ కొనాలి, బరువు ఎన్ని కేజీలు దాటకూడదు. తీరా చూస్తే కాగితాల దగ్గరే రెండు నెలలు పోయాయి, క్లాసులో మొదటి నెలంతా రేపేం చెప్పాలిరా అని సరిగ్గా నిద్ర పట్టలేదు. రెండోసారి తిరగేసి చేశాను, మొదటి క్లాస్ తారీఖు క్యాలెండర్ మీద రాసుకుని అక్కడ్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చాను, ఆ నెల రోజుల్లోనే తేడా తెలిసింది. ఇక్కడ రాస్తున్నది ఆ రెండోసారి పద్ధతి.

ముందు పాస్‌పోర్ట్ సంగతి

వినడానికి బాధగానే ఉంటుంది కానీ ఇది ముందే తెలుసుకోవడం మంచిది. మీకు ఇంగ్లీష్ ఎంత బాగా వచ్చినా కొన్ని దేశాలు పాస్‌పోర్ట్ చూసే వీసా ఇస్తాయి. సౌత్ కొరియాలో ఇంగ్లీష్ చెప్పేవాళ్ళకిచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల వాళ్ళకే, అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, సౌత్ ఆఫ్రికా. ఇండియాతో 2010లో అమల్లోకొచ్చిన ఒప్పందం వల్ల టీచింగ్ క్వాలిఫికేషన్ ఉన్న ఇండియన్స్ కి గవర్నమెంట్ స్కూళ్ళలో అసిస్టెంట్ టీచర్ గా ఒక దారి ఉంది కానీ అది బాగా సన్నటి దారి, దాన్ని నమ్ముకుని ప్లాన్ అంతా వేసుకోకండి. చైనాలో ఎవరైనా తమ మాతృభాషనే చెప్పాలి, డిగ్రీ కూడా ఆ భాష మాట్లాడే దేశంలో చేసుండాలి, పైన రెండేళ్ళ అనుభవం ఉండాలి అన్నది మామూలు రూలు, టీచింగ్ సర్టిఫికెట్టో ఎడ్యుకేషన్ డిగ్రీయో ఉంటే ఆ రెండేళ్ళు మినహాయిస్తారు.

జపాన్ లెక్క వేరు. అక్కడ స్కూళ్ళలో చెప్పేవాళ్ళకిచ్చే ఇన్‌స్ట్రక్టర్ వీసాకి ఏ దేశస్థులన్నదానికన్నా, చెప్పబోయే భాషలో 12 ఏళ్ళు చదువుకున్నారా అన్నది ముఖ్యం. అంటే ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళు ఆ సంగతి కాగితం మీద చూపించగలగాలి. కాబట్టి మీరు చదివిన ప్రతి స్కూల్ నుంచి, కాలేజీ నుంచి "మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ ఇంగ్లీష్" అని రాసిన సర్టిఫికెట్ ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి, స్కూళ్ళు మూతపడతాయి, పేర్లు మారతాయి, పాత రికార్డులు వెతికే క్లర్కు రిటైర్ అయిపోతాడు, అవసరం పడ్డాక పరిగెత్తితే దొరకదు. థాయ్‌లాండ్ లో నేటివ్ స్పీకర్ (ఇంగ్లీష్ మాతృభాష అయినవాళ్ళు) కానివాళ్ళని టోయిక్ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ, అంటే ఇంగ్లీష్ పరీక్షల స్కోరు చూపించమంటారు. గల్ఫ్ లో మంచి స్కూళ్ళు బీఈడీ లాంటి టీచింగ్ డిగ్రీ, దాని తర్వాత క్లాస్‌రూమ్ అనుభవం చూస్తాయి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఏ దేశానికైనా ఆఖరి మాట ఆ దేశ ఎంబసీ వెబ్‌సైట్ లో రాసి ఉన్నదే, ఏజెంట్ ఫోన్లో చెప్పింది కాదు.

"నేటివ్ స్పీకర్స్ ఓన్లీ" అని ఉన్న యాడ్ చూసి కుంగిపోయినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఒక మాట చెప్తాను, ఇది ఓదార్పు కోసం చెప్పట్లేదు, క్లాసులో కళ్ళారా చూసి చెప్తున్నాను. పుట్టుకతో ఇంగ్లీష్ వచ్చినవాళ్ళకి ఆ వాక్యం ఎందుకు అలా ఉంటుందో చాలాసార్లు తెలీదు, అలాగే అంటాం అంతే అంటారు. మనం ఒక్కో రూల్ నేర్చుకుని, తప్పులు చేసి, దిద్దుకుని వచ్చినవాళ్ళం, స్టూడెంట్ ఎక్కడ తడబడతాడో ముందే పసిగడతాం. ఇంటర్వ్యూలో ఈ మాట ధైర్యంగా, ఒక ఉదాహరణతో చెప్పండి. చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ళున్నారు, నేనూ అందులో ఒకణ్ణి.

సర్టిఫికెట్ ఏది చేయాలి

టెఫ్ల్ అన్నా టీసాల్ అన్నా దాదాపు ఒకటే, అది ఒక కోర్సు పేరు కాదు, ఈ పని మొత్తానికి ఉన్న పేరు, కాబట్టి ఎవరైనా ఆ పేరు పెట్టి కోర్సు అమ్ముకోవచ్చు. అసలు తేడా అక్కడే వస్తుంది. చాలా దేశాల్లో అడిగేది కనీసం 120 గంటల కోర్సు. ఆ 120 గంటలూ కంప్యూటర్ ముందు కూర్చుని క్విజ్ లు నొక్కితే కూడా సర్టిఫికెట్ వస్తుంది, కొన్ని చోట్ల వీసాకి అది సరిపోతుంది కూడా, కానీ క్లాసులో నిలబడ్డప్పుడు అది మీకు చేసే సాయం చాలా తక్కువ. కోర్సుకి డబ్బు కట్టేముందు ఒక్కటే అడగండి, ఇందులో నిజమైన స్టూడెంట్స్ కి నేను పాఠం చెప్తానా, దాన్ని ఒక ట్రైనర్ కూర్చుని చూసి ఎక్కడ తప్పు చేశానో చెప్తాడా అని. కేంబ్రిడ్జ్ వాళ్ళ సెల్టాలో, ట్రినిటీ వాళ్ళ సర్ట్‌టీసాల్ లో ఇలా ట్రైనర్ చూస్తుండగా 6 గంటల టీచింగ్ ఉంటుంది. ఆరు గంటలేనా అనిపిస్తుంది గానీ ఫుల్‌టైమ్ లో చేస్తే నాలుగైదు వారాలు ఊపిరాడదు, రోజూ పాఠం రాయడం, చెప్పడం, తిట్లు తినడం, మళ్ళీ రాయడం. సెల్టా వాళ్ళు తీసుకునేముందే మీ ఇంగ్లీష్ ని టెస్ట్ చేస్తారు, స్థాయి దాదాపు సీ1, సీ2 ఉండాలి, భాష ఎంత వచ్చో కొలిచే యూరప్ స్కేల్ లో పై రెండు మెట్లు అవి.

వాటికి డబ్బు సరిపోకపోతే మంచి ఆన్‌లైన్ కోర్సు ఒకటి చేసి, దాంతోపాటు మీకు దగ్గర్లో పెద్దవాళ్ళకో పిల్లలకో ఫ్రీగా వారానికి రెండు గంటలు చెప్పండి, మూడు నెలలు చాలు. వాళ్ళ దగ్గర ఒక లెటర్ తీసుకోండి. నిజం చెప్పాలంటే సర్టిఫికెట్ కన్నా ఆ మూడు నెలలే మిమ్మల్ని టీచర్ ని చేస్తాయి.

కాగితాలు, అన్నిటికన్నా ఎక్కువ టైమ్ తినేవి ఇవే

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. మీ డిగ్రీ అసలుదేనని పరాయి దేశానికి ఎలా తెలుస్తుంది, అందుకే అపోస్టిల్ అనేది ఉంది. 1961లో హేగ్ లో కుదిరిన ఒప్పందం ఇది, ఆ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య ఒక్క అపోస్టిల్ స్టాంపు ఉంటే చాలు, ఆ డాక్యుమెంట్ కి మళ్ళీ ఎంబసీ ముద్ర అక్కర్లేదు. మీ దేశం, వెళ్ళే దేశం రెండూ అందులో ఉండాలి, ఒకదాని చేరికకి ఇంకోటి అభ్యంతరం చెప్పి ఉండకూడదు. అలా కుదరకపోతే పాత పద్ధతే, ముందు మీ దేశ విదేశాంగ శాఖ, తర్వాత ఆ దేశ ఎంబసీ, దీనికి వారాలు పడుతుంది. ఈ మధ్య కొత్తగా చేరిన దేశాలున్నాయి, సౌదీకి 2022 డిసెంబర్ నుంచి, చైనాకి 2023 నవంబర్ 7 నుంచి (ఇండియా అభ్యంతరం చెప్పడంతో ఆ రెండు దేశాల మధ్య మాత్రం అమల్లోకి రాలేదు, ఎంబసీని అడగండి), కెనడాకి 2024 జనవరి నుంచి అపోస్టిల్ అమల్లో ఉంది, కాబట్టి నాలుగైదేళ్ళ కింద వెళ్ళొచ్చిన ఫ్రెండ్ చెప్పిన పద్ధతి ఇప్పుడు మారిపోయి ఉండొచ్చు.

డిగ్రీ సర్టిఫికెట్ ని లామినేషన్ చేయించొద్దు. భద్రంగా ఉంటుందని చేయిస్తారు, తీరా దాని మీద స్టాంపు పడదు, వెనకాల స్టిక్కర్ అంటదు, చాలా చోట్ల తీసుకోరు. ఇప్పటికే చేయించేసి ఉంటే యూనివర్సిటీకి డూప్లికేట్ కోసం ఈరోజే అప్లై చేయండి.

పేరు విషయం ఇంకా ముఖ్యం. పాస్‌పోర్ట్ లో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో పొడి అక్షరం, పదో తరగతి మెమోలో స్పెల్లింగ్ ఇంకోలా ఉంటే ఆ మూడూ ఒకే మనిషివని అక్కడి ఆఫీసర్ నమ్మాల్సిన పనిలేదు. అన్నీ ఒక టేబుల్ మీద పరిచి అక్షరం అక్షరం పోల్చి చూడండి, తేడా ఉంటే నోటరీ దగ్గర అఫిడవిట్ సరిపోతుందా, కాగితం మార్చుకోవాలా అని వీసా ఇచ్చేవాళ్ళనే మెయిల్ లో అడగండి, జవాబు రాతలో ఉంటుంది.

ఇక పోలీస్ క్లియరెన్స్. పిల్లలతో పనిచేసే ఉద్యోగం కాబట్టి ఇది దాదాపు అన్ని దేశాలూ అడుగుతాయి, అడగాలి కూడా. దీనికి గడువుంటుంది, చాలా చోట్ల మూడు నెలలో ఆరు నెలలో లోపు తీసిందే చెల్లుతుంది. నాకు తెలిసిన ఒక ఏజెంట్ అన్నిటికన్నా ముందు పోలీస్ సర్టిఫికెట్ తీసేయండి, పని అయిపోతుంది అన్నాడు, తీశాను, డిగ్రీ అటెస్టేషన్ ఆలస్యమై వీసా అపాయింట్‌మెంట్ వచ్చేసరికి అది చెల్లకుండా పోయింది, మళ్ళీ మొదటినుంచి. అందుకని గడువు లేని కాగితాలు ముందు (డిగ్రీ, మార్కుల లిస్టు, మీడియం సర్టిఫికెట్), గడువు ఉన్నవి చివర (పోలీస్, మెడికల్). మెడికల్ లో ఎక్కువగా ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష ఉంటాయి. పాస్‌పోర్ట్ కూడా కాంట్రాక్ట్ అయ్యే తారీఖు దాటి కనీసం ఆరు నెలలు ఉండేలా చూసుకోండి, తక్కువుంటే ముందే రెన్యూ చేయించుకోండి, వీసా ప్రాసెస్ మధ్యలో పాస్‌పోర్ట్ నంబర్ మారితే అన్ని ఫారాలూ తిరగరాయాల్సి వస్తుంది.

ఎప్పుడు అప్లై చేయాలి అన్నది స్కూల్ ఏడాది ఎప్పుడు మొదలవుతుందో దాన్నిబట్టి. జపాన్ లో ఏప్రిల్, కొరియాలో మార్చి, థాయ్‌లాండ్ లో మే, చైనా, వియత్నాం, యూరప్ లో ఎక్కువ భాగం సెప్టెంబర్, చిలీ, బ్రెజిల్ లాంటి దేశాల్లో ఫిబ్రవరి మార్చి. విదేశీయుల్ని స్కూళ్ళలో చెప్పడానికి తీసుకెళ్ళేందుకు జపాన్ ప్రభుత్వం 1987 నుంచి నడుపుతున్న జెట్ ప్రోగ్రామ్ లో మాత్రం ఎక్కువమంది జూలై చివర, ఆగస్టులో దిగుతారు, దానికి అప్లికేషన్లు ముందు ఏడాది చివర్లోనే మొదలవుతాయి. లాంగ్వేజ్ సెంటర్లు ఏడాది పొడుగునా తీసుకుంటాయి. మీ తారీఖు నుంచి వెనక్కి కనీసం ఆరు నెలలు కాగితాలకి, ఇంకో మూడు నెలలు సర్టిఫికెట్ కి, ప్రాక్టీసుకి పెట్టుకోండి. అంటే ఏడాదికి మూడు నెలలు తక్కువ, నిజంగా అంత పడుతుంది.

ఆఫర్ వచ్చాక సంతకం పెట్టేముందు

టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, ఇక్కడికొచ్చాక మార్పిస్తాం అని ఏ స్కూల్ అన్నా ఆ ఆఫర్ వదిలేయండి. కొన్ని చోట్ల దేశంలో ఉండి వీసా మార్చుకోవడం చట్టప్రకారమే కుదురుతుంది, కానీ మారేలోపు మీతో పని చేయిస్తే అది చట్టవిరుద్ధం, పట్టుకుంటే జరిమానా, డిపోర్టేషన్ పడేది ఎక్కువగా టీచర్ మీద. ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర డబ్బు అడిగే ఏజెంట్ నీ నమ్మకండి, మామూలుగా ఆ ఫీజు స్కూలే కడుతుంది. పాస్‌పోర్ట్ మా దగ్గర భద్రంగా ఉంచుతాం అన్నా ఒప్పుకోవద్దు, వీసా స్టాంపింగ్ కి ఇవ్వాల్సి వస్తే రసీదు, తిరిగిచ్చే తారీఖు రాయించుకోండి.

కాంట్రాక్ట్ లో అందరూ జీతం చూస్తారు, నేను ముందు గంటలు చూస్తాను. వారానికి 25 గంటలు అని ఉంటుంది, అది క్లాసులో చెప్పే గంటలా, స్కూల్లో ఉండాల్సిన గంటలా అన్నది రాసి ఉండదు. 25 గంటలు చెప్పాలంటే ప్రిపరేషన్, పేపర్లు దిద్దడం, పేరెంట్స్ తో మాట్లాడటం కలిపి 40 దాటిపోతుంది, కొత్తలో ఇంకా ఎక్కువ. లాంగ్వేజ్ సెంటర్ అయితే పని సాయంత్రాలు, శని ఆదివారాలు ఉంటుంది, ఎందుకంటే స్టూడెంట్స్ కి ఖాళీ అప్పుడే. ఇల్లు ఇస్తారా, ఇస్తే ఒక్కరికేనా షేరింగా, టికెట్ డబ్బులు ముందిస్తారా తర్వాతా, జబ్బు చేస్తే జీతం కోత ఎంత, మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల నోటీసు, జరిమానా ఎంత. ఇంగ్లీష్ కాపీ, లోకల్ భాష కాపీ రెండూ ఉంటే గొడవ వచ్చినప్పుడు ఏది చెల్లుతుందో కూడా చూడండి, ఎక్కువగా లోకల్ భాషదే చెల్లుతుంది, కాబట్టి దాన్ని ఎవరిచేతైనా చదివించండి. కొరియాలో ఒక ఏడాది పూర్తి చేస్తే ఉద్యోగం వదిలేటప్పుడు ఒక నెల జీతం సెవరెన్స్ గా రావాలి, అందుకే అక్కడ 11 నెలల కాంట్రాక్ట్ ఇస్తున్నారంటే ఎందుకో గట్టిగా అడగండి.

ఇవన్నీ కన్నా మంచి పరీక్ష, ప్రస్తుతం ఆ స్కూల్లో పనిచేస్తున్న టీచర్ తో ఒకసారి మాట్లాడించమనండి, పనిలోపనిగా మానేసినవాళ్ళతో కూడా. సరైన స్కూల్ కి ఇందులో ఇబ్బంది ఉండదు. కుదరదు అంటే అదే జవాబు.

క్లాసు కోసం ప్రిపరేషన్, ఇక్కడ ఎక్కువ టైమ్ పెట్టండి

మంచి ఇంగ్లీష్ మాట్లాడటం వేరు, ఇంగ్లీష్ చెప్పడం వేరు. కొత్త టీచర్ చేసే పెద్ద తప్పు ఎక్కువ మాట్లాడటం. 50 నిమిషాల క్లాసులో టీచర్ 40 నిమిషాలు మాట్లాడితే 20 మంది స్టూడెంట్స్ కి మిగిలేది మనిషికి అర నిమిషం, ఆ అర నిమిషంలో ఏ భాష వస్తుంది. కాబట్టి వెళ్ళేముందే ఒక అలవాటు చేసుకోండి, మీరు చెప్పిన పాఠం ఫోన్లో రికార్డ్ చేసి విని, మీ గొంతు ఎంతసేపు, వాళ్ళ గొంతు ఎంతసేపు వినబడిందో లెక్కేయండి. మొదటిసారి విన్నప్పుడు నాకు బాధేసింది, రెండు వారాల్లో మారింది.

తర్వాత మీ మాటల్ని తగ్గించడం, తేలిక చేయడం. "ఓకే గయ్స్, వాట్ ఐ వాంట్ యు టు డూ నౌ ఈజ్..." అని మొదలుపెడితే బిగినర్స్ కి సగంలోనే దారి తప్పుతుంది. "ఓపెన్ యువర్ బుక్స్. పేజ్ టెన్. లిజన్." అంతే, చేత్తో చూపిస్తూ. పని ఇచ్చాక "అర్థమైందా" అని మాత్రం అడక్కండి, ప్రపంచంలో ఎక్కడైనా దానికి జవాబు తలూపడమే. ఒక స్టూడెంట్ ని పిలిచి ఎలా చేయాలో అందరి ముందు చేయించండి.

గ్రామర్ చెప్పినప్పుడు అర్థమైందో లేదో తెలుసుకోవడానికి చిన్న చిన్న ప్రశ్నలు తయారు చేసుకోవడం నేర్చుకోండి, సెల్టాలో దీన్నే కాన్సెప్ట్ చెకింగ్ అంటారు. ఉదాహరణకి "ఐ యూజ్డ్ టు ప్లే ఫుట్‌బాల్" అన్న వాక్యం. ఇప్పుడు ఆడుతున్నాడా, లేదు. ఒకప్పుడు ఆడేవాడా, అవును. ఒక్కసారేనా, కాదు, చాలాసార్లు. ఈ మూడిటికి సరైన జవాబొస్తే విషయం ఎక్కినట్టే, రూల్ వల్లె వేయించక్కర్లేదు. అలాగే "ఐ లివ్డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" కీ "ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" కీ తేడా బోర్డు మీద ఒక గీత గీసి, ఇప్పుడు అన్న చోట చుక్క పెట్టి చూపించడం ప్రాక్టీస్ చేయండి. వెళ్ళేముందు ఇలాంటివి ఒక 15 తయారు చేసుకోండి, టెన్సులు, ఆర్టికల్స్, ఇఫ్ వాక్యాలు, మస్ట్ కీ హావ్ టు కీ తేడా. మీకు సహజంగా వచ్చేసినవే చెప్పడానికి కష్టం, కాబట్టి అవే ముందు.

నాకు బాగా ఇష్టమైన పని ఇంకొకటుంది, స్టూడెంట్స్ మాతృభాష గురించి చదవడం. మాట్లాడటం రాకపోయినా ఫర్వాలేదు, దాని తీరు తెలిస్తే చాలు. జపనీస్ లో ర, ల కి మనలా రెండు శబ్దాలు లేవు, అందుకే రైస్, లైస్ ఒకేలా వినిపిస్తాయి వాళ్ళకి. అరబిక్ లో ప లేదు, పార్క్ బార్క్ అవుతుంది. కొరియన్ లో ఎఫ్ శబ్దం లేదు, కాఫీ కాపీ అవుతుంది. స్పానిష్ వాళ్ళు స్కూల్ ని ఎస్కూల్ అంటారు, వాళ్ళ భాషలో ఏ మాటా అలా స్క తో మొదలవదు. వియత్నమీస్ వాళ్ళు మాట చివరి హల్లు మింగేస్తుంటారు. ఇది తెలియని టీచర్ స్టూడెంట్ బద్ధకంగా పలుకుతున్నాడనుకుంటాడు, తెలిసిన టీచర్ నాలుక ఎక్కడ పెట్టాలో చూపిస్తాడు. ఇక వాక్యం విషయంలో తెలుగువాళ్ళకి ఒక లాభం ఉంది. జపనీస్, కొరియన్ వాక్యాలు మన వాక్యంలాగే క్రియతో ముగుస్తాయి, ప్రిపోజిషన్ బదులు మన కి, లో, తో లాగా మాట వెనక చేరేవి ఉంటాయి, ఎ, ది లాంటి ఆర్టికల్స్ మనకి లేనట్టే వాళ్ళకీ లేవు, రష్యన్, చైనీస్ లోనూ లేవు. "ది" ఎక్కడ పెట్టాలో తెలీక వాళ్ళు పడే అవస్థ మనం పడ్డదే, కాబట్టి మనం ఎలా నేర్చుకున్నామో గుర్తుచేసుకుంటే పాఠం సగం తయారైనట్టే.

పిల్లలకి చెప్పబోతుంటే లెక్క మళ్ళీ మారుతుంది. ఐదేళ్ళ పిల్లలకి గ్రామర్ లేదు, కదలిక ఉంది. "స్టాండ్ అప్, టర్న్ అరౌండ్, టచ్ ద డోర్" అంటూ వాళ్ళచేత చేయించడం, దీన్ని టీపీఆర్ (టోటల్ ఫిజికల్ రెస్పాన్స్) అంటారు, జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్ట్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, మాట రాకముందే శరీరంతో అర్థం చేసుకుంటారు. ప్రతి ఐదారు నిమిషాలకీ పని మార్చాలి, కాబట్టి పది చిన్న ఆటలు చేతిలో ఉండాలి. పెద్దవాళ్ళకైతే వాళ్ళ పని గురించి మాట్లాడించండి, వాళ్ళకి మీకన్నా ఎక్కువ తెలిసిన విషయం అదే, నోరు తెరుస్తారు.

సామాను, డబ్బు, ఫోన్

డబ్బు దగ్గర ఒక్క విషయం మర్చిపోకండి, మొదటి జీతం చేతికొచ్చేది దిగిన నెల రోజులకో నెలన్నరకో. అప్పటిదాకా అద్దె, తిండి, రాకపోకలు మీ జేబులోంచే. జపాన్ లో ఇల్లు సొంతంగా తీసుకుంటే డిపాజిట్ తో పాటు ఓనర్ కి తిరిగిరాని డబ్బు, రేకిన్ అంటారు, అది కూడా అడగొచ్చు, అన్నీ కలిపి ముందే కొన్ని నెలల అద్దె పోతుంది. కనీసం మూడు నెలల ఖర్చు లేకుండా బయల్దేరొద్దు, తిరుగు టికెట్ కి సరిపడా వేరేగా, ముట్టుకోకుండా పెట్టుకోండి. ఆ డబ్బు ఉంటే చెడ్డ స్కూల్ నుంచి బయటపడే ధైర్యం ఉంటుంది.

ఇంటి దగ్గరి ఫోన్ నంబర్ కట్ కాకుండా చూసుకోండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి, ఆ సిమ్ ఆగిపోతే మీ డబ్బు మీకే అందదు, అక్కడ్నుంచి సరిచేయడం నరకం. వెళ్ళేముందు రోమింగ్ లో మెసేజ్ లు వచ్చేలా పెట్టుకుని, రీఛార్జ్ బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి.

రోజూ వాడే మందులుంటే ఇది జాగ్రత్తగా చూడండి. జపాన్ లో సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన జలుబు మందులు తీసుకెళ్ళకూడదు, ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్య) వాడే యాంఫెటమిన్ మందులైతే అసలు నిషేధం, డాక్టర్ చీటీ ఉన్నా సరే. డాక్టర్ రాసిన మామూలు మందులే అయినా నెలకి మించి తీసుకెళ్ళాలంటే ముందే పర్మిషన్ కావాలి. యూఏఈలో కోడీన్, ట్రమడాల్ లాంటివి ముందు అనుమతి లేకుండా తీసుకెళ్తే కేసవుతుంది. చీటీ, మందు అసలు పేరు, డాక్టర్ లెటర్ ఇంగ్లీష్ లో దగ్గర పెట్టుకోండి.

చైనా వెళ్ళేవాళ్ళు పాఠాలన్నీ గూగుల్ డ్రైవ్ లో పెట్టుకుని దిగితే అక్కడ తెరుచుకోవు, గూగుల్, యూట్యూబ్, వాట్సాప్ అక్కడ బ్లాక్. అన్నీ పెన్‌డ్రైవ్ లోకి, ల్యాప్‌టాప్ లోకి దించుకోండి. మిగతా సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బట్టలు అక్కడా దొరుకుతాయి. మీ ఊరి ఫోటోలు, ఇంట్లోవాళ్ళ ఫోటోలు ఓ పది ప్రింట్ తీయించుకెళ్ళండి, మొదటి క్లాసులో వాటిని పంచితే స్టూడెంట్సే మిమ్మల్ని ప్రశ్నలడుగుతారు, పాఠం దానంతటదే నడుస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతి బ్యాగులోనే, చెక్ఇన్ లో వద్దు.

దిగాక

రిజిస్ట్రేషన్ గడువులు దాటనివ్వకండి. చైనాలో దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర అడ్రస్ నమోదవ్వాలి, హోటల్ అయితే వాళ్ళే చేస్తారు, ఇంట్లో దిగితే మీరే వెళ్ళాలి, జెడ్ వీసా (ఉద్యోగ వీసా) మీద వెళ్ళినవాళ్ళు 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్ కి అప్లై చేయాలి. జపాన్ లో ఇంట్లో చేరిన 14 రోజుల్లో వార్డ్ ఆఫీసులో అడ్రస్ రాయించాలి, కొరియాలో 90 రోజుల్లో ఫారిన్ రిజిస్ట్రేషన్. స్కూల్ వాళ్ళు చూసుకుంటారులే అని వదిలేయకండి, తోడుగా ఎవరినైనా పంపమనండి గానీ తారీఖు మాత్రం మీరే గుర్తుపెట్టుకోండి.

వీలైతే క్లాసులు మొదలయ్యే వారం ముందే దిగండి. నిద్ర సర్దుకోవడానికి, ఇంటి నుంచి స్కూల్ కి దారి ఒకసారి ఉత్తినే వెళ్ళిచూడ్డానికి, పాత టీచర్ వెళ్ళిపోయేలోపు వాళ్ళ క్లాసు వెనక కూర్చుని చూడ్డానికి ఆ వారం కావాలి. పాత టీచర్ దగ్గర ఏ పుస్తకం ఎక్కడిదాకా అయింది, ఎవరు వెనకబడ్డారు, ఎవరు సిగ్గుపడతారు అన్నది ఓ కాగితం మీద రాయించుకోండి, పేర్లు ఎలా పలకాలో వాళ్ళచేత చెప్పించి ఫోన్లో రికార్డ్ చేసుకోండి.

మొదటి క్లాస్ ముందురోజు సాయంత్రం ఖాళీగా ఉన్న ఆ గదిలోకి వెళ్ళండి. మార్కర్లు రాస్తున్నాయా, ప్రొజెక్టర్ కి మీ ల్యాప్‌టాప్ తగులుతుందా, తలుపు ఎటు తెరుచుకుంటుంది చూడండి. బోర్డు మీద ఒక వాక్యం మీరు ఎప్పుడూ రాసే సైజులో రాసి, వెళ్ళి చివరి బెంచీలో మూలకి కూర్చుని చదవండి. కనబడకపోతే ఇంకాస్త పెద్దగా రాసి మళ్ళీ వెళ్ళి కూర్చోండి.